కణములోని కావలి – మన కర్తవ్యము

జీవకణం ప్రోటీనులను ఎలా నిర్మిస్తుందో మన తరగతులలో విపులంగా బోధిస్తాము. తప్పు సందేశాన్ని అది ఎలా నిర్మూలిస్తుందో చెప్పడానికి అంత ప్రాధాన్యం ఇవ్వము. ఈ రెండవ పాఠానికి మన కుటుంబాల క్షేమంతో సంబంధం ఉన్నదని మా అభిప్రాయం.

జన్యువు ఆజ్ఞను రైబోసోముకు చేర్చే దూత మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. కేంద్రకంలో దాని ముక్కలను అతికినప్పుడు ప్రతి అతుకు సమీపాన ఒక ప్రోటీను గుర్తు నిలుస్తుంది. రైబోసోము సందేశాన్ని తొలిసారి చదువుతూ ఆ గుర్తులను తొలగిస్తూ పోతుంది. నిర్మాణాన్ని ముగించమనే సంకేతం సాధారణంగా చివరి అతుకు దాటిన తరువాతనే ఉంటుంది. అది పొరపాటున చాలా ముందే ఎదురైతే రైబోసోము అక్కడే ఆగిపోతుంది. ఆవలి గుర్తు మిగిలిపోతుంది. ఆ గుర్తే దోషానికి సాక్ష్యం. యు.పి.ఎఫ్.-1 మొదలైన ప్రోటీనులు ఆ సందేశాన్ని నాశనం చేయిస్తాయి.

ఈ కావలి విలువ తలసీమియా వ్యాధిలో స్పష్టమవుతుంది. బీటా గ్లోబిన్ సందేశం లోపించిన కొందరు రోగులలో అది త్వరగా నశిస్తున్నదని లిన్ మాక్వాట్, ఆమె సహచరులు 1981లో వెల్లడించారు. 146 ఎమైనో ఆమ్లాల ఈ గొలుసును 39వ స్థానంలోనే ఆపివేసే దోషం ఇటలీలోని సార్డీనియా ద్వీపంలో అధికం. తల్లిదండ్రులలో ఒక్కరినుండే దానిని పొందినవారు మహా అయితే స్వల్ప రక్తహీనతతో జీవిస్తారు. అటువంటి దోషమే 121వ స్థానంలో, చివరి అతుకుకు ఆవల ఏర్పడితే కావలి పసిగట్టదు. అసంపూర్ణ గొలుసులు పేరుకొని, ఒక్క దోషజన్యువే మనిషిని రోగిని చేస్తుంది.

అయితే ఈ రక్షణ చాటున ఒక ప్రమాదం ఉన్నది. వాహకుడు ఆరోగ్యంగా కనబడతాడు; తనలోని దోషాన్ని తాను ఎరుగడు. అటువంటి ఇద్దరు వివాహమాడితే ప్రతి కాన్పులోను బిడ్డకు తీవ్రవ్యాధి కలిగే అవకాశం నాలుగింట ఒక వంతు. మన దేశంలో ప్రబలిన దోషాలు వేరైనా ఈ లెక్క మారదు. దగ్గరి బంధువుల పెండ్లిండ్లు మతభేదం లేక సాగే మన తెలుగునాట ఒకే దోషం ఇరువైపులా ఉండే అవకాశం మరింత హెచ్చు.

కణం తన విధిని నిర్వర్తించింది. మిగిలినది విద్యావంతుల విధి. హిమోగ్లోబిన్ ఏ-2 పరిమాణాన్ని చూసే రక్తపరీక్ష వాహకులలో అత్యధికులను గుర్తించగలదు. విద్యార్థుల అంగీకారంతో, ఫలితాలను గోప్యంగా ఉంచుతూ, దీనిని కళాశాల ఆరోగ్యపరీక్షలలో చేర్చవలసిందిగా కమిటీ పెద్దలను కోరుతున్నాము. విద్యార్థులారా! సంబంధం మాట్లాడుకొనేటప్పుడు కట్నకానుకల లెక్కకు ముందు ఈ లెక్క చూడండి. వాహకులైనందుకు ఎవరూ సిగ్గుపడనవసరం లేదు. నెలనెలా పరుల రక్తం ఎక్కించుకొని బ్రతకవలసిన గతి రేపటి బిడ్డకు పట్టకుండా జాగ్రత్తపడడానికి నేడే వ్యవధి ఉన్నది.