ఆసుపత్రిలో పరిచర్య

రోగికి మందెంత యవసరమో పరిచర్యయు నంత యవసరము. మన ప్రభుత్వ వైద్యశాలలలో నేడు మొదటిది వృద్ధి నొందుచున్నది, రెండవది క్షీణించుచున్నది. ఒకప్పుడు పెద్ద పట్టణములలో సయితము లేని పరీక్షాయంత్రములు నేడు జిల్లా ఆసుపత్రులకు వచ్చినవి. కాని మంచముపై కదలలేక పడియున్నవానికి నోరు కడిగి, గుక్కెడు నీరు త్రాగించి, తడిసిన దుప్పటి మార్చువా రెవరని యడిగినచో, వాని యింటివారే యని పెక్కుచోట్ల ప్రత్యుత్తరము వచ్చును. ఈ స్థితినిగూర్చి మా యభిప్రాయమును విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

పరిచర్య యనగా సూదిమందు వేయుట మాత్రమే కాదు. కదలలేని రోగిని సుమారు రెండు గంటల కొకసారి ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు త్రిప్పవలయును. అట్లు త్రిప్పనిచో తుంటి, మడమ మొదలగు చోట్ల ఎముకకును పరుపునకును నడుమ చర్మము నలిగి, రక్తప్రసారము నిలిచి, పుండ్లు పడును. పక్షవాతమునుండి ప్రాణముతో బయటపడినవాడు ఈ పుండ్లు చీముపట్టి మరణించుటయు గలదు. ఫ్లారెన్సు నైటింగేలు 1859లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి పుండ్లను సాధారణముగా రోగదోషమని గాక పరిచర్యాలోపమనియే యెంచెను. దీనిని నివారించుటకు యంత్రము లక్కరలేదు. వేళ తప్పని రెండు చేతులు చాలును.

అయినను దోషమంతయు నర్సులపై మోపుట న్యాయము కాదు. బోధనాసుపత్రులలో 3 పడకలకును, సామాన్యాసుపత్రులలో 5 పడకలకును ఒక నర్సు చొప్పున ఉండవలయునని భారత నర్సింగు కౌన్సిలు ప్రమాణ మేర్పరచినది. కాని రాత్రివేళ 40 మంది రోగులున్న వార్డులో ఒక్క నర్సే కానవచ్చుట అరుదు కాదు. ఆమె మందులు పంచవలయును. సెలైను సీసాలు మార్చవలయును. కేసు షీట్లు వ్రాయవలయును. చేతికి మించిన పని యున్నపుడు మొదట విడువబడునది, ఎవరును లెక్క యడుగని పనియే. వేయని మందు రిజిస్టరులో పట్టుబడును; కడుగని నోరు ఏ రిజిస్టరునను కానరాదు.

నర్సులు దొరకరను మాట నేడు చెల్లదు. 1946 నాటి భోరు సంఘ నివేదిక ననుసరించి దేశమున 43,000 మంది జనులకు ఒక్క నర్సుండెను. నేడు నర్సింగు కళాశాలలు పెక్కు జిల్లాలలో వెలసినవి. వానిలో చదివినవారు గల్ఫు దేశములకును, ఇంగ్లండునకును పోయి అచ్చటి రోగులకు ఊరట కలిగించుచున్నారు. ఇచ్చటనో, పలువురు స్థిరమైన ఉద్యోగము లేక ఒప్పందముపై కొద్ది జీతమునకు పనిచేయుచున్నారు. కావున కొరవడినది మనుష్యులు కారు. వారిని నియమించి నిలుపుకొను సంకల్పము.

ఇంటివారు దగ్గర నుండగా లోటేమియని కొందరు ప్రశ్నింతురు. ఇంటివారి ప్రేమ గొప్పదే గాని, రోగిని త్రిప్పు విధము వారికెవరు నేర్పిరి? భార్య మంచముచెంత కూర్చున్నన్నాళ్లు ఆమె కూలి పోవును. పిల్లల చదువు చెడును. ఇక ఎవరును లేని వృద్ధుని గతి యేమి? ఆసుపత్రి మంచిచెడ్డలను కొలుచుటకు ఆ దిక్కులేని రోగి మంచమే తగిన తావని మా నమ్మకము. 2015 ఆగష్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికి పసికందు మరణించెనను వార్తకు రాష్ట్రమంతయు నివ్వెరపోయెను. శుభ్రత, ఎడతెగని కాపుదల - ఈ రెండు లేనిచోట ఎంతటి వైద్యుడైనను నిస్సహాయుడే.

2020లో కరోనా వ్యాపించినపుడు పెక్కు వార్డులలోనికి బంధువులను రానీయలేదు. అన్నము తినిపించుట మొదలు మలమూత్రముల నెత్తుటవరకు నర్సులును, తక్కిన సిబ్బందియు చేయవలసివచ్చెను. ఆ పని యెవరిదో అప్పుడు లోకమునకు తెలిసినది. ఆ మార్చి 22వ తేది సాయంకాలమున వాకిళ్లలో నిలిచి వారికొరకు మనము చప్పట్లు కొట్టితిమి. చప్పట్లు ఆగినవి, ఖాళీలు మాత్రము నిండలేదు.

ప్రభుత్వమువారు ఖాళీలను నింపవలయును. వ్రాతపనిని గుమాస్తాల కప్పగించి నర్సును రోగిచెంతకు పంపవలయును. ఏ వార్డులో ఎందరికి పడకపుండ్లు పడినవో నెలనెలకు ప్రకటింపవలయును. లెక్క యడిగిన పని నిలుచును. తలిదండ్రులారా, మీ కుమార్తెయో కుమారుడో నర్సు పని నేర్చెదనన్నచో చిన్నచూపు చూడకుడు. విద్యార్థులారా, డాక్టరు కాగోరువారు మీలో ననేకులు గలరు, సంతోషమే. కాని రోగి దుప్పటి మార్చుట తక్కువ పనియని తలచువాడు మంచి డాక్టరు కాజాలడు. ఈ సెలవులలో మీ యింట మంచము పట్టిన తాతయో అవ్వయో యున్నచో, వారిని వేళకు ప్రక్కకు త్రిప్పుట తెలిసినవారియొద్ద నేర్చుకొనుడు.