మర్నాడు వచ్చేవాళ్ళం

కొవ్వొత్తుల ర్యాలీ జరిగిన మర్నాడు పొద్దున్నే ట్యాంక్‌బండ్ మీదికి వెళ్ళి చూడండి. ఫుట్‌పాత్ రాళ్ళకి గడ్డకట్టిన మైనం. దాన్ని రేకుముక్కతో గీకుతున్న పారిశుద్ధ్య కార్మికురాలు. ముందురోజు సాయంత్రం అక్కడ నిలబడి ఫొటో పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఏ కేసు కోసం నిలబడ్డామో అది ఏమైందని తర్వాత మాలో ఒక్కరూ అడగలేదు. ఆ సిగ్గే ఇవాళ మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టింది.

కూర్చున్నది ఫోన్‌ని తిట్టడానికి కాదు. 2025 ఉగాది సెలవుల్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి చెట్లు కూల్చే యంత్రాలు దిగిన సంగతి ఊరికి తెలిసిందే విద్యార్థుల వీడియోల వల్ల. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అయితే ఆ వీడియోల మధ్యలోకే ఏఐతో చేసిన లేళ్ళ, నెమళ్ళ బొమ్మలు వచ్చి కలిశాయి. ఏడుపొచ్చేలా ఉన్నాయని మేమూ పంపాం. కూలిన చెట్లు కళ్ళెదుటే ఉండగా ఆ దొంగబొమ్మలతో మనకేం పని? మాట చెట్ల మీంచి బొమ్మల మీదికి మళ్ళింది. వాటిని పంచినవాళ్ళకి కేసులూ నోటీసులూ వచ్చాయి. కాబట్టి ఎవరు, ఎప్పుడు తీశారో తెలియని ఫొటో ఇక మా చేతిమీదుగా పోదు. పొరపాటున పోతే, పంపిన ప్రతి గ్రూపులోనూ తప్పని ఒప్పుకుంటాం.

చేతిలో ఫోన్ లేని రోజుల్లో, 1992లో, సారా మీద తిరగబడ్డ దూబగుంట ఆడవాళ్ళకి ఉన్నది రాత్రిబడి వాచకంలో చదివిన ఒక కథ, సారా దుకాణాన్ని తెరవనివ్వని మొండితనం. సారా వద్దన్న వాళ్ళ మాట నెల్లూరు జిల్లా దాటి పాకింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997కల్లా సడలిపోయింది. గెలిచిన చోట కూడా కాపలా ఉండాలన్నమాట.

అందుకే ప్రతి నెలా రెండో ఆదివారం గ్రంథాలయం వరండాలో కలుస్తాం. ఊరంతా మాట్లాడి వదిలేసిన సంగతి ఒకటి ఎత్తుకుంటాం. అది మూత పెడతామన్న మ్యాన్‌హోల్ కావచ్చు, ఇస్తామన్న పరిహారం కావచ్చు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, 30 రోజుల గడువుని గోడ కేలెండర్ మీద ఎర్రసిరాతో చుడతాం. జవాబు రాకపోతే అప్పీలు. బాధితుల ఇంటికి కెమెరా లేకుండా వెళ్తాం. వాళ్ళు వద్దంటే పేరు గాని, ముఖం గాని ఎక్కడా పెట్టం. పోస్టు అన్నిటికన్నా చివర. అసలు పెట్టకపోయినా పర్లేదు.

జెండా లేదు, అధ్యక్షులు లేరు, పేరు మీద ఇంకా తగువు తెగలేదు. చందా నెలకి 20 రూపాయలు, జెరాక్సులకీ పోస్టల్ ఆర్డర్లకీ. వచ్చేటప్పుడు అందరూ మర్చిపోయిన సంగతి ఒకటి, దాని కాగితాలుంటే అవీ పట్టుకురండి. గ్రంథాలయం ఎనిమిదింటికి తెరుస్తారు.