నెత్తురుకు వాటా ఏది?

నల్లమలలో ఆకు కోసి మందు చేసి అమ్ముకుంటే, ఆ ఆకు గుణం చెప్పినవాళ్లకు లాభంలో వాటా ఇవ్వాలి. 2002 జీవవైవిధ్య చట్టం ఆ మాటే అంటుంది. 2010లో నగోయాలో దేశాలు కూర్చొని అదే మాట మీద ఒప్పందం రాసుకున్నాయి. 2012 అక్టోబరులో జీవవైవిధ్యం మీద ప్రపంచ మహాసభ మన హైదరాబాదులోనే జరిగింది. అయితే ఆ చట్టమూ ఆ ఒప్పందమూ మనిషి జన్యువుల జోలికి రావు. తెలిసే, కావాలనే మనిషిని బయట పెట్టారు. అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటెక్కితే ఎదురయ్యే చెంచు పెంటల్లో, అంటే వాళ్ల గూడేల్లో, దీని అర్థం ఒక్కటే. చెట్టు ఆకుకు హక్కుంది, చెంచు నెత్తురుకు లేదు.

అయ్యో అనుకొని పేజీ తిప్పకండి. ఆ నెత్తురు ఎంత దూరం పోయిందో వినండి.

2003లో అమెరికా జన్యుశాస్త్ర పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఈ దేశపు తొలి మనుషుల వారసత్వం ఎవరిలో మిగిలిందో వెతకడానికి చెంచుల, కోయల జన్యువులను పరీక్షించారు. ఆ పరిశోధనలో ఎస్టోనియాలోని టార్టు శాస్త్రవేత్తలున్నారు. 2009లో హైదరాబాదు సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ కలిసి 'నేచర్'లో అచ్చేసిన వ్యాసంలో 25 సమూహాలకు చెందిన 132 మంది నమూనాలున్నాయి. వాటిలో చెంచులూ ఉన్నారు. గొప్ప పనే, కాదనను. లాల్జీ సింగ్, తంగరాజ్ వంటి శాస్త్రవేత్తల ప్రతిభను శంకించేవాడు మూర్ఖుడు. నా తగాదా ప్రతిభతో కాదు.

కొద్దిమంది పూర్వికుల నుంచి పుట్టి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం కలిసి వచ్చే జబ్బులు ఎక్కువగా ఉంటాయని ఆ 'నేచర్' వ్యాసమే చెప్పింది. 2017లో అదే దారిలో సాగిన మరో అధ్యయనం, దక్షిణాసియాలోని 263 సమూహాల్లో 81, కొద్దిమంది పూర్వికుల ముద్ర బలంగా ఉండటంలో ఫిన్లాండు వాళ్లను, అష్కెనాజీ యూదులను మించిపోయాయని తేల్చింది. ఆ యూదులు ఏం చేశారో తెలుసా? 1970ల నుంచే పెళ్లికీ కాన్పుకీ ముందు పరీక్షలు పెట్టుకొని, పసిపిల్లలను మింగే టే-శాక్స్ జబ్బును తమ ఇళ్ల నుంచి దాదాపు తరిమేశారు. జన్యుశాస్త్రం ఒక జాతి చేతికందితే జరిగేది అది.

మరి మన దగ్గర? ఆ హెచ్చరికను ఏ పెంటలో, ఏ పెద్దమనిషి ముందు, తెలుగులో విప్పి చెప్పారు? అప్పాపూర్‌లోనా? చెప్పిన తేదీ చూపండి, నా మాట వెనక్కి తీసుకుంటాను. వర్ధమాన దేశాల సామర్థ్యం పెంచుతున్నామని సదస్సుల్లో గొంతు చించుకునే దొరలారా, ఎవరి సామర్థ్యం పెరిగింది? పరిశోధకుడికి పదోన్నతి వచ్చింది. పట్నం ప్రయోగశాలకు యంత్రం వచ్చింది. విదేశీ విశ్వవిద్యాలయానికి పేరొచ్చింది. నెత్తురిచ్చిన తల్లి కొడవలికణ (సికిల్ సెల్) జబ్బు పరీక్ష కోసం ఇంకా ఎవరి దయకోసమో చూస్తోంది.

"చెంచులకు జన్యువులంటే ఏం తెలుసు" అనే అహంకారం ఎంత పాతదో ఖమ్మం జిల్లాను అడగండి. 2009లో అమెరికా సంస్థ పాత్, మన ఐసీఎంఆర్ కలిసి, గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో, భద్రాచలం ప్రాంతంతో సహా ఆ జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేయించాయి. టీకా మంచిదే. దాన్ని వేసిన పద్ధతి సిగ్గుచేటు. పరిశీలనకొచ్చిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి! కన్నతల్లి బతికుండగా బిడ్డ ఒంటి మీద వార్డెన్‌కు హక్కెక్కడిది? 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తంతుపై దుమ్మెత్తిపోసింది. మనం వార్త చదివి అన్నం తిని పడుకున్నాం. మీరూ, నేనూ.

విదేశీయుడంటే నాకు పడదనుకుంటే పొరపాటు. ఢిల్లీ ఎయిమ్స్ పసికందుల్లో దొరికిన రోటావైరస్ రకాన్ని అమెరికా శాస్త్రవేత్తలూ మనవాళ్లూ ఏళ్ల తరబడి కలిసి మోశారు. అది హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో టీకా అయింది, 2016 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా పసిపిల్లల నోట్లో చుక్కలై పడుతోంది. నమూనా ఇచ్చిన నేలకే ఫలం తిరిగొచ్చింది. ఇలాంటి చెలిమికి నేను చెయ్యెత్తి దండం పెడతాను.

మిగతా లోకం మేల్కొంది. అరిజోనాలో హవసుపాయ్ జాతి, మధుమేహం కోసమని ఇచ్చిన నెత్తురుతో ఇంకేవో పరిశోధనలు చేశారని విశ్వవిద్యాలయాన్ని కోర్టుకీడ్చింది. 2010లో 7 లక్షల డాలర్లతోపాటు తన నెత్తురు సీసాలనూ వెనక్కి తెచ్చుకుంది. దక్షిణాఫ్రికా సాన్ జాతి 2017లో పరిశోధకుల కోసం తానే నియమావళి రాసింది. వాళ్లు రాయగలిగింది చెంచులు రాయలేరా? యురేనియం తవ్వకాలంటే ఏమిటో నల్లమలలోని అమ్రాబాద్‌కు ఎవరూ పాఠం చెప్పలేదు. అయినా 2019లో ఈ గడ్డ లేచి నిలబడితే ఆ సెప్టెంబరులో శాసనసభే దిగొచ్చి తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అర్థం కాని జనమట!

కాబట్టి తేల్చి చెబుతున్నా. చెంచు నెత్తురు మీద వచ్చే ప్రతి ప్రాజెక్టు డబ్బులో ఒక భాగం అచ్చంపేటలోనే ఖర్చు కావాలి. ఇక్కడి ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ జబ్బులు పట్టే యంత్రం ఉండాలి, దాన్ని జీతానికి నడిపేది చెంచు పిల్లో పిల్లవాడో కావాలి. ఫలితం పత్రికకు పోకముందే పెంటకు రావాలి, తెలుగులో, నోటిమాటగా. ముందస్తు అనుమతి వార్డెన్‌ది కాదు, ఐటీడీఏ అధికారిది కూడా కాదు, పెంటది. ఈ నాలుగూ కాగితం మీద రాసి తెచ్చినవాళ్లు మన్ననూరు చెక్‌పోస్టు దాటండి. తేనివాళ్లు సూదులు పెట్టెలో సర్దుకొని అక్కడి నుంచే పట్నం బస్సెక్కండి.