కాల్షియం సంకేతం వేరు, కాల్షియం ఎరువు వేరు

పురుగు ఆకును కొరికిన కొద్ది సెకన్లలోనే మొక్క ఆ గాయాన్ని గుర్తిస్తుంది. 2018లో టొయోటా, గిల్రాయ్ బృందం అరాబిడాప్సిస్ మొక్కలపై జరిపిన పరిశోధనలో ఈ క్రమం కంటికి కనిపించింది. కాల్షియం పెరిగినచోట వెలుగునిచ్చే ప్రోటీన్‌ను ఆ మొక్కల్లో ప్రవేశపెట్టి చూడగా, గాయపడిన ఆకు నుండి దూరపు ఆకులకు కాల్షియం తరంగం నాళికా పుంజాల వెంట సెకనుకు దాదాపు ఒక మిల్లీమీటరు వేగంతో సాగింది. గాయం వద్ద వెలువడిన గ్లుటామేట్ దీనికి నాంది. తరంగం చేరిన ఆకుల్లో జాస్మోనిక్ ఆమ్లం పెరిగి, రక్షణ జన్యువులు చైతన్యవంతమయ్యాయి.

తరగతి గదిలో ఎంతో ఆసక్తి కలిగించే ఈ విషయాన్ని పొలం గట్టుపై జాగ్రత్తగా చెప్పవలసి ఉంటుంది. "కాల్షియమే రక్షణ సంకేతమైతే, దానిని పిచికారీ చేస్తే పురుగు తగ్గదా?" అని రైతు అడగడం సహజం. తగ్గుతుందని చెప్పి సీసా అమ్మడమూ అంతే సులభం. కానీ ఈ పరిశోధన ఆ మాటకు ఆధారం కాజాలదు.

విశ్రాంతి స్థితిలో కణద్రవ్యంలోని స్వేచ్ఛా కాల్షియం సుమారు 100 నానోమోలార్ మాత్రమే. కణకవచంలోను, రిక్తికలోను అది వేల రెట్లు అధికం. గాయమైనప్పుడు త్వచంలోని మార్గాలు తెరుచుకొని కాల్షియం కణద్రవ్యంలోకి చేరడం, ఆపై పంపులు దానిని తిరిగి తొలగించడం, ఈ క్షణిక హెచ్చుతగ్గులే సంకేతం. గ్లుటామేట్ గ్రాహకాలను పోలిన రెండు ప్రోటీన్లు లోపించిన మొక్కల్లో కాల్షియానికి కొరత లేకపోయినా సంకేతం దూరపు ఆకులకు సక్రమంగా చేరలేదు. కనుక ఇక్కడ కీలకమైనది నిల్వ కాదు, కదలిక.

వేరుశనగనే తీసుకుందాం. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని మనమే సిఫారసు చేస్తున్నాం. ఊడలు దిగి కాయలు గట్టిపడడానికి అది అవసరం. అదే చేనులో పొగాకు లద్దె పురుగు కనిపిస్తే లింగాకర్షక బుట్టలు, గట్ల వెంట ఆముదం ఎర పంట, గుడ్ల సముదాయాల ఏరివేత, ఆర్థిక నష్ట పరిమితిని బట్టి మందు వాడకం అవసరమవుతాయి. ఒకదాని పని మరొకటి చేయదు.

ఈ సంకేత వ్యవస్థ బలంగా ఉన్న రకాలను గుర్తించడం ప్రజనన శాస్త్రవేత్తలకు మంచి మార్గం కావచ్చు. అందుకు మన పంటల్లో, మన క్షేత్రాల్లో పరీక్షలు జరగాలి. అంతవరకు కాల్షియాన్ని పురుగుమందుగా చెప్పకుండా ఉండడమే రైతు పెట్టుబడికీ, మన మాటకున్న విలువకూ రక్ష.