అడవి అక్కర్లేని జింక

జహీరాబాద్ దాటి న్యాల్‌కల్ వైపు వెళ్తుంటే చలికాలం పొద్దున్న ఒక్కోసారి కనులపండుగే. శనగచేను నడుమ పది పదిహేను జింకలు తలలు వంచి మేస్తుంటాయి. వాటిలో ఒకటి మాత్రం పైన నల్లగా, పొట్ట కింద తెల్లగా, మెలితిరిగిన కొమ్ములతో నిలబడి మనవైపే చూస్తుంటుంది. బండి ఆపారో, ఒకటి చెంగున గాల్లోకి లేస్తుంది. దాని వెనకే మందంతా! చూసేవాళ్ల ప్రాణం లేచొస్తుంది. చేను ఆసామి ప్రాణం మాత్రం ఉసూరుమంటుంది.

అది కృష్ణజింక. మన పెద్దలు మగదాన్ని ఇర్రి అనీ, ఆడదాన్ని లేడి అనీ అన్నారు. మనమేమో అన్నిటినీ కలిపి జింక అనేస్తున్నాం. నిజానికి చుక్కల జింకకూ దీనికీ చాలా తేడా. చుక్కల జింక కొమ్ములు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింకవి ఆవు కొమ్ముల్లా జీవితాంతం ఉంటాయి. బంధుత్వం కూడా ఆవూ మేకా వైపే. ఆఫ్రికా మైదానాల్లో తిరిగే ఎద్దంత ఈలాండ్, కత్తి కొమ్ముల ఓరిక్స్... అవన్నీ యాంటిలోప్‌లు, దీని చుట్టాలే. అక్కడ అన్ని రకాలున్నా శాస్త్రంలో 'యాంటిలోప్' అన్న ప్రజాతి పేరు మాత్రం మన కృష్ణజింక ఒక్కదానికే దక్కింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు ఇదే. విడిపోయాక ఆంధ్ర దీన్నే ఉంచుకుంది. తెలంగాణ 2014లో చుక్కల జింకను ఎంచుకుంది. న్యాల్‌కల్ జింకలకు ఆ కబురు అందినట్టు లేదు!

పుట్టినప్పుడు అన్నీ లేత గోధుమరంగే. మగవి వయసుకొచ్చాకే నల్లబడతాయి. ఆరు నెలల చూలు, ఈతకు ఒక్క పిల్ల. తల్లి ఆ పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతుంది. అది కిక్కురుమనకుండా పడుకుంటుంది. అంటే, గడ్డి లేకపోతే పిల్ల దక్కదు. చెట్లు దట్టంగా ఉన్నచోట కృష్ణజింక బతకలేదు. శత్రువును దూరం నుంచే పసిగట్టడం, పరుగెత్తడం... దానికి తెలిసిన విద్య అదొక్కటే. గంటకు 80 కిలోమీటర్ల దాకా ఉరుకుతుంది. తోడేలును తప్పించుకోవడానికి అంత వేగం అక్కర్లేదు. అది చీటా నేర్పిన పరుగంటారు. వెనకటి రాజులు చీటాలను మచ్చిక చేసి వీటి మీదికే ఉసిగొల్పేవారు. మన చీటాలు అంతరించాయని 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. న్యాల్‌కల్‌లో జింకపిల్లకు చీటా భయం లేదు గానీ ఊరకుక్కల భయం ఉంది.

చట్టం గట్టిదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని చంపితే జైలే. రాజస్థాన్‌లో ఓ సినిమా హీరో కేసు మనకు తెలిసిందే కదా! కానీ చట్టం జింకను కాపాడినంతగా అది నిలబడ్డ నేలను కాపాడదు. ఎందుకంటే అది అడవి కాదు. రికార్డుల్లో ఒకచోట పట్టా, ఒకచోట బీడు. బీడంటే పనికిరాని నేల అని మనకో నమ్మకం. ఆ పనికిరాని నేల మీదే జింక కాన్పు జరుగుతుందని ఏ పహాణీలోనూ రాయరు.

న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక మండలి కోసం 17 గ్రామాల్లో 12,635 ఎకరాలు అనుకున్నారు. జహీరాబాద్ పారిశ్రామిక స్మార్ట్ సిటీకి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. తొలి దశే 3,245 ఎకరాలు. అదే ఏడాది డప్పూరు, మల్గి, వడ్డి గ్రామాల్లో ఫార్మా పరిశ్రమలకు భూమి అడిగితే రైతులు మా నేల ఇవ్వమని రోడ్డెక్కారు. పరిశ్రమలు వద్దని నేననను. పిల్లలకు ఉద్యోగాలు కావాలి. అయితే ఈ లెక్కల్లో జింకల వాటా ఎంత? ఖాళీ తగ్గేకొద్దీ అవి మిగిలిన చేలల్లోకే వస్తాయి. ఆ భారం ఎవరి నెత్తిన? పక్క రైతు నెత్తిన.

"జింకలను కొట్టొద్దంటరు, మంచిదే సార్. మరి నా శనగకు ఎవరు జిమ్మేదారి?" అని ఓ పెద్దాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. పరిహారానికి అర్జీ పెట్టుకోవచ్చు కదా అన్నాను. నావైపు చూసి నవ్వాడు, అంతే.

ఈ చిక్కు పాతదే. బట్టమేకపిట్ట కోసం 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. పిట్ట తగ్గిపోయింది. జింకలు మాత్రం పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి.

పట్టి వేరేచోట వదలొచ్చు కదా అంటారు. వదలొచ్చు. 2025లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్‌లో దక్షిణాఫ్రికా నిపుణులు వచ్చి ఆ పని చేసి చూపారు. హెలికాప్టర్‌తో మెల్లగా అదిలిస్తూ, గరాటులాంటి దడిలోకి మందలను నడిపించి, లారీలెక్కించారు. ఆ దడిని బోమా అంటారు, ఆఫ్రికా మాటే. వందల జింకలను అలా తరలించారు. కానీ దించడానికో చోటుండాలి. ఓరిక్స్ కథ చూడండి. కత్తి కొమ్ముల ఓరిక్స్ సహజ ఆవాసంలో అంతరించిందని 2000లో తేల్చారు. జూలలో మిగిలిన వాటి సంతతిని 2016 నుంచి చాద్ దేశంలో వదిలారు. ఇప్పుడవి అక్కడ పిల్లల్ని పెడుతున్నాయి. జంతువు పోయినా దాని నేల పోలేదు కాబట్టి అది సాధ్యమైంది. చాద్‌లోని ఆ రక్షిత ప్రాంతం సుమారు 78 వేల చదరపు కిలోమీటర్లు!

మనకు అంత అక్కర్లేదు. పారిశ్రామిక మండలి పటం గీసేటప్పుడే నాలుగు గడ్డిబీళ్లను గడ్డిబీళ్లుగానే ఉంచి, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి వదిలితే చాలు. పచ్చదనం పేరుతో అక్కడ కూడా చెట్లు నాటకుండా ఉంటే ఇంకా మేలు.

పెద్దాయన చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి, ఎరుపూ పసుపూ. పనిచేస్తాయా అని అడిగాను.

"రెండొద్దులు బెదురుతయ్ సార్. మూడోనాడు చీర కిందికెల్లి దూరుతయ్."