మాయ విడుపు



గత మాసమున ఆవకాయ జాడీలను గూర్చి వ్రాసి, ఈ మాసమున మాగాయ సంగతి చెప్పెదనని మాట యిచ్చియుంటిని. ఆ మాట చెల్లింపలేకున్నందులకు మన్నింపుడు. ఈ నెల నా మనస్సు వేఱొక విషయముపై నున్నది. అది పిల్లల యాట. ఆటయే కదా యని పుట త్రిప్పివేయకుడు. పదేండ్లు దాటిన పిల్లలున్న యింట నీ యాట వాసన యేదో యొక రీతిగా సోకియే యుండును.

మా పెద్దవానికి పదునైదేండ్లు. వేసవి సెలవులలో మధ్యాహ్నపు వేళ వాడును, వాని తమ్ముడును, ఎదురింటి కుఱ్ఱవారిద్దఱును, మా యన్నగారి కుమార్తెయు వసారాలో చాప పఱచుకొని కూర్చుందురు. గవ్వలు లేవు, పేకముక్కలు లేవు. ఒక నోటుబుక్కు, నాలుగు పెన్సిళ్ళు, ఇరువది ముఖములు గల పాచిక యొకటి, అంతే. పెద్దవాడు కథ నడుపును. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. "ముందు వంతెన ఉంది, అవతల ఎవరో నిలబడ్డారు, ఏం చేస్తావు?" అని వాడడుగును. వారు చెప్పిన పని కష్టమైనదైనచో పాచిక వేయవలెను. పడిన సంఖ్యను బట్టి జయమో, భంగమో. ఇట్టి పాత్రధారణపు టాటలలో మొట్టమొదట అచ్చుపడి విక్రయమునకు వచ్చినది 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రచించిన 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అట. మావాడు దాని పద్ధతిని గ్రహించి, అందు జపానుదేశపు 'నరుటో' కథను పోసి, నిబంధనలు తానే వ్రాసికొన్నాడు.

ఈ నరుటో యనునది మసాషి కిషిమోటో బొమ్మలతో రచించిన కథ. 1999 మొదలు 2014 వఱకు వారపత్రికలో వెలువడి, 72 సంపుటము లైనది. అందలి వారిలో ననేకులు నింజాలు. నిజమైన నింజాలు పూర్వము జపానులో ఇగా, కోగా మొదలగు సీమలలో నుండిన వేగువారు. నింజా యను మాటలోని మొదటి యక్షరమును ఆ దేశపు లిపిలో వ్రాయునపుడు హృదయమను గుర్తు మీద కత్తివాదర గుర్తును నిలుపుదురు. దానికి ఓర్చుకొనుట యని యర్థము. మన ఆడువారిలో ననేకులు ఆ యక్షరమును చదువకుండనే యెఱుగుదురని నాకు తోచినది.

ఈ నింజాలకు గల విద్యలలో 'గెంజుట్సు' ఒకటి. అనగా మాయావిద్య. మనుష్యుని దేహమున ప్రవహించు శక్తికి ఆ కథలో 'చక్ర' యని పేరు. మన మాటయే సముద్రములు దాటి మరల మన వసారాకు వచ్చినది. మాయావి యైనవాడు ఎదుటివాని మెదడులో ఆ ప్రవాహమును కలతపెట్టును. అంతట చూపు, వినికిడి, స్పర్శ అన్నియు వాని వశమై, లేనిది యున్నట్లు తోచును. విడిపించుకొనుటకు మూడు దారులు చెప్పుదురు. తన చక్రమును తానే యొక్క క్షణము నిలిపి, మఱల బలముగా విసరి, 'కాయ్' అని పలుకుట మొదటిది. ఆ మాటకు విడుపు అని యర్థము. (మా చిన్నవానికి తొమ్మిదేండ్లు; అది పచ్చడి పెట్టుకొను కాయ యని కొన్నాళ్ళు నమ్మినాడు.) మాయతో సంబంధము లేని నొప్పిని తనకు తాను కలిగించుకొనుట రెండవది, షికమారు అను బాలుడు తన వ్రేలిని తానే విఱుచుకొని వేణునాదపు మాయ నుండి బయటపడినాడు, కురెనాయి అను నామె పెదవి కొఱుకుకొన్నది. మూడవది, మాయలో లేని తోడివాడు వచ్చి చేయి వైచి, తన శక్తిని పంపి మేలుకొలుపుట. ఒకమాఱు నరుటోను అతని చెలి సకురాయు, ఒక వృద్ధురాలును ఇట్లే భుజములపై చేతులు వైచి రక్షించిరి.

ఆటలో నీ మూడు దారులకును మావాడు లెక్కలు కట్టినాడు. పాచికపై పదునైదు దాటిన విడుదల. తోడివాడు తాకినచో పాచిక అక్కఱలేదు గాని ఆ తాకినవాడు తన వంతును వదలుకొనవలెను. మాయలో నున్న ప్రతి వంతునకును అయిదు పాళ్ళ చక్ర హరించును. ఇరువదియు హరించిన యెడల ఆ పాత్ర శాశ్వతముగా నిద్రించును.

చిక్కు వేఱొకచోట వచ్చినది. కథకుడు మాయను వర్ణింప నారంభింపగనే చిన్నవాడు "కాయ్!" అని కేక పెట్టును. పెద్దవానికి కోపము. "అది మాయ అని నీకు తెలుసు, నీ పాత్రకి తెలీదు కదరా!" అనును. "నాకు తెలిస్తే నా పాత్రకి ఎందుకు తెలీదు?" అని చిన్నవాడు. ఈ తగవు రెండు దినములు నడచి, చివరకు న్యాయస్థానము వంటయింటికి వచ్చినది. మా వారు పరీక్షపత్రములు దిద్దుకొనుచు, "ఇది తర్కశాస్త్రం, మీ అమ్మనే అడగండి" అని తప్పించుకొనిరి.

నేను వారికి దమయంతి స్వయంవరము చెప్పితిని. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుగురును నలుని రూపముననే కూర్చున్నారు. అసలు నలునితో కలిసి అయిదుగురు. చూచుచున్న మనకు తెలియును, ఆమెకు తెలియదు. ఆమె కలవరపడి యెవరి మెడలోనో దండ వేయలేదు. తన సత్యమును ముందిడుకొని వేడుకొన్న పిదప దేవతలు తమ గుర్తులను బయలుపఱచిరి. చెమట పట్టని మేనులు, ఱెప్పపాటు లేని కన్నులు, వాడని దండలు, నేలనంటని పాదములు. నలునకు మాత్రమే నీడ యుండెను, మేన దుమ్మును చెమటయు నుండెను. ఆమె ఆ దుమ్మును చూచి వరించినది. కావున కేక పెట్టుట కాదు, ముందు గుర్తును పట్టవలెను అని తీర్పు చెప్పితిని. పెద్దవాడు సంతోషించి, నోటుబుక్కులో నొక నిబంధన చేర్చుకొన్నాడు: మాయలో నేదేని తప్పు కనిపెట్టి చెప్పినవాడే పాచిక ముట్టవలెను.

తీర్పు చెప్పిన దానిని నేనే కనుక, తరువాత జరిగిన దానిలో నాకును పాలు కలదు.

మా మేనకోడలికి పండ్రెండేండ్లు. రెండేండ్ల క్రిందట మా వదిన పోయిన నాటి నుండియు ఆ పిల్ల మా యొద్దనే యుండి చదువుకొనుచున్నది. అన్నగారి కొలువు దూరదేశము. పిల్ల నెమ్మదిపరురాలు. పని చెప్పిన చేయును, పెట్టినది తినును. మఱచిపోయినది లెమ్మని మేమందఱమును అనుకొంటిమి. దాని యెదుట వాళ్ళమ్మ మాట యెత్తరాదని మా యింట నొక కట్టుబాటు సయితము చేసికొంటిమి.

మొన్నటి ఆదివారము నేను గడప యొద్ద చిక్కుడుకాయల ఈనెలు తీయుచు కూర్చున్నాను. పెద్దవాడు ఆనాడు నరుటో కథ చివరనున్న మహామాయను ఆటలోనికి తెచ్చినాడు. అందు చంద్రబింబము నుండి వెలుగు ప్రసరించి లోకమునంతయు నిద్రపుచ్చును. ఎవరి కేది కావలెనో అదియే వారికి కలలో దొరకును. భయపెట్టు మాయలకు పిల్లలు అలవాటుపడినారు గనుక, తీయని మాయ వేసి చూతమని వాని యుద్దేశము. అందు దురుద్దేశము లవలేశమును లేదు.

చిన్నవానికి జిలేబీల కొండ దొరకినది. వాడు కొంచెము సేపు తిని, "ఇంత జిలేబీకి ఒక్క చీమ లేదేం?" అని గుర్తుపట్టి, పదునేడు వేసి బయటపడినాడు. ఎదురింటివారును ఎట్లో తప్పించుకొనిరి. పిల్ల వంతు వచ్చినది. దాని పాత్రను గూర్చి మొదటి దినముననే నోటుబుక్కులో 'తల్లి లేదు' అని అదియే వ్రాసికొన్నది. పెద్దవాడు ఆ ముక్క చూచి, ఆ నింజా బాలికకు తల్లిని కల్పించినాడు.

"మీ ఇంటి ముందున్నావు. వాకిట్లో ముగ్గుంది. లోపల్నుంచి అమ్మ పిలుస్తోంది. ఎండలో ఎంతసేపు తిరుగుతావే, కాళ్ళు కడుక్కుని రా అంటోంది. ఏం చేస్తావు?"

పిల్ల కొంతసేపు పలుకలేదు. "కాళ్ళు కడుక్కుంటాను," అన్నది.

"తర్వాత?"

"లోపలికి వెళ్తాను."

అయిదు పాళ్ళు పోయినవి. మఱల వంతు వచ్చినపుడు "అక్కడే కూర్చుంటాను," అన్నది. పది పోయినవి. ఎదురింటి కుఱ్ఱవాడు, "మాయే కదా, ఏదో ఒక తప్పు చెప్పి పాచిక వేసెయ్," అని తొందరపెట్టెను. "వెయ్యను," అన్నది. పదునైదు పోయినవి. అప్పటికి పెద్దవానికి తాను చేసిన పని బోధపడినది. వాని గొంతు దిగిపోయినది. నా వంక చూచినాడు.

నాకు లేచి యా నోటుబుక్కు లాగివేయవలెననిపించినది. చిక్కుడుకాయల చేట క్రింద పెట్టితిని కూడ. లేవలేదు. లేచి యుండవలసినదని యీ పత్రిక చదువు పెద్దలు కొందఱనవచ్చును. నాకు మాత్రము, రెండేండ్లుగా మేమెవ్వరమును పోనీయని యింటిలోనికి ఆ పిల్ల తనంత తాను పోయి కూర్చున్నట్లు తోచినది. చేయి పట్టి యీడ్చుకొని వచ్చుటకు నాకు మనసొప్పలేదు.

"అమ్మ ఏం వండింది?" అని అడిగినది.

పెద్దవాడు తడబడి, తన కిష్టమైన దానినే చెప్పివైచినాడు. "గుత్తివంకాయ కూర."

మా వదినకు వంకాయ పడదు. ముట్టిన దద్దుర్లు లేచును. పదునాలుగేండ్ల కాపురములో నామె వంకాయను ఇంటికి తెచ్చి యెఱుగదు; మా అన్నగారికి దాని మీద ప్రాణమైనను, మా యింటికి వచ్చినపుడే తినుచుండెడివారు.

పిల్ల తలయెత్తినది. "ఈవిడ మా అమ్మ కాదు," అని పాచిక తీసికొని వేసినది.

ఆఱు పడినది.

వసారాలో నెవ్వరును కదలలేదు. ఇంకొక వంతు గడచినచో నిబంధన ప్రకారము ఆ పాత్ర మఱల లేవదు. కథకుడు తాను వ్రాసిన నిబంధనను తానే మీఱవచ్చునా, మానవలెనా యని పెద్దవాడు పెన్సిలు కొఱుకుచున్నాడు. ఇంతలో చిన్నవాడు చాప మీది నుండి లేచి, పాత్రయు లేదు వంతును లేదు, తిన్నగా వచ్చి దాని భుజముపై జిలేబీ తిన్నంత బరువుగా చేయి వైచి, "కాయ్!" అని అఱచినాడు. ఆ కేకకు మా వారు ఎఱ్ఱకలముతో సహా బయటికి వచ్చిరి.

పిల్ల ఏడ్వలేదు. మంచినీళ్ళు త్రాగి వచ్చి, తన చక్ర యెంత మిగిలినదో లెక్క చూచుకొన్నది. అయిదు.

నా కప్పుడు సరమ జ్ఞప్తికి వచ్చినది. యుద్ధకాండలో రావణుడు రాముని శిరస్సువంటి మాయాశిరస్సును విద్యుజ్జిహ్వునిచే చేయించి సీతముందు పెట్టించును. అంతటి సీతయు నమ్మి విలపించినది. ఆమె యే గుర్తును పట్టగలదు? తరువాత సరమ యను రాక్షసస్త్రీ, తాను చాటున నుండి విన్నదంతయు చెప్పి, ఇది మాయ యని యోదార్చినది. సరమ గొప్ప మంత్రమేమియు వేయలేదు. దగ్గఱకు వచ్చినది, నిజము చెప్పినది. మా యింట నెవ్వరమును దగ్గఱకు పోలేదు. పిల్లకు నొప్పి కలుగునని చెప్పుకొనుచు, మా నొప్పినే కాచుకొంటిమి. మా వదిన నాకును చెలికత్తె. ఆమె చేతి దొండకాయ వేపుడు తలచుకొన్న నాకే గొంతు పట్టును గనుక, ఆ కూర రెండేండ్లుగా మా యింట వండలేదు. ఇది పిల్ల కొఱకే యని యిన్నాళ్ళును నన్ను నేను నమ్మించుకొంటిని.

ఆ రాత్రి డాబా మీద ప్రక్కలు పఱచినపుడు, "మీ అమ్మకు వంకాయ పడదని నీకు గుర్తుందా?" అని నేనే మొదలుపెట్టితిని. దానికి నా కంటె నెక్కువ గుర్తున్నది. దద్దుర్లకు పసుపు రాయుమని వాళ్ళమ్మ వీపు చూపుట, తాను వంకరటింకరగా రాయుట, ఇద్దఱును నవ్వుట. పదిన్నర దాటువఱకు చెప్పినది. కొన్ని నాకు తెలియనివే. నడుమ ఒకమాఱు ఏడ్చినది, నేనును ఏడ్చితిని. చిన్నవాడు నిద్రలోనే విసుగుకొని అటు తిరిగి పడుకొన్నాడు.

మఱునాడు దొండకాయలు తెప్పించితిని. పొడవుగా తఱిగి, నూనెలో నెమ్మదిగా మగ్గనిచ్చి, చివర వెల్లుల్లి కారము చల్లుట మా వదిన పద్ధతి. నాకు తొందర యెక్కువ, కొన్ని మాడినవి. "అమ్మది ఇంత నల్లగా ఉండదు అత్తయ్యా," అని పిల్ల మొగమాటము లేక చెప్పి, రెండుమార్లు వడ్డించుకొన్నది.

ఆట మానలేదు. ఇప్పుడు పిల్లలెవ్వరును 'కాయ్' అనుట లేదు, మాయ విడువవలసి వచ్చినపుడు "వంకాయ్!" అని కేకలు పెట్టుచున్నారు. జపానువా రేమనుకొందురో. నిన్న ఆట ముగించి పాచికను డబ్బాలో పెట్టుచు పిల్ల పెద్దవానితో, "బావా, ఇంకోసారి అమ్మని తెస్తే దొండకాయ వేపుడు పెట్టించు. అప్పుడు నేను కనిపెట్టలేను," అన్నది.

వాడు నోటుబుక్కు తెఱచి, పెన్సిలు పట్టుకొని, ఏమియు వ్రాయక మూసినాడు.