భార్య ఒప్పుకుంటేనే మఠం

1113 ప్రాంతంలో బర్గండీ కుర్రాడు బెర్నార్డ్ సీతో మఠంలో చేరాడు. వెళ్తూ వెళ్తూ అన్నదమ్ముల్ని, మేనమామని, స్నేహితుల్ని కలిపి ముప్ఫైమంది దాకా వెంటబెట్టుకుపోయాడు. పెద్దన్న గీ దగ్గరే చిక్కొచ్చింది. అతనికి పెళ్లయింది, చిన్న ఆడపిల్లలున్నారు. భార్య ససేమిరా అంది.

చర్చి చట్టం ఆమె పక్షాన ఉంది. భార్యాభర్తల్లో ఒకరు రెండోవారి సమ్మతి లేకుండా సన్యాసం పుచ్చుకోకూడదు. 1140 ప్రాంతంలో గ్రేషియన్ కూర్చిన చర్చి చట్టాల సంకలనంలోనూ ఇదే నియమం. పెళ్లిళ్లు తండ్రులు కుదిర్చే రోజుల్లో ఆడదాని 'కాదు'కి ఇంత విలువ దక్కడం చిన్న విషయం కాదు. ఒప్పుకున్నవాళ్లను గాలికి వదిలేయలేదు. క్లూనీ మఠంలో సన్యాసులైనవారి భార్యల కోసం అక్కడి మఠాధిపతి హ్యూ అంతకుముందే, 1055 ప్రాంతంలో, మార్సిన్యీ మఠం కట్టించాడు. బెర్నార్డ్ బృందంలోని వారి భార్యలకు జుయ్యీ మఠంలో చోటు దొరికింది. బెర్నార్డ్ చెల్లెలు హంబలీన్ కూడా తర్వాత భర్త అనుమతితో అక్కడే చేరింది. ఈసారి అడగాల్సి వచ్చింది భార్య, సరేననాల్సింది భర్త.

మరి గీ భార్య ఎలా ఒప్పుకుంది? ఈస్టర్‌లోపు ఆమె సరేనంటుంది, లేదా చనిపోతుంది అన్నాడట బెర్నార్డ్. ఆమె జబ్బుపడింది, భయపడి కబురు పంపింది, ఒప్పుకుంది. బెర్నార్డ్ చరిత్ర రాసిన గీయోమ్‌కి ఇది మహిమ. నాకు మాత్రం ఇది బెదిరింపుకి లొంగడంలాగే కనిపిస్తుంది. ఆ కాలంలోనే అబెలార్ భార్య ఎలోయీజ్ అయితే తాను సన్యాసిని ముసుగు వేసుకున్నది దేవుడి కోసం కాదు, భర్త ఆజ్ఞ మీదనేనని ఉత్తరంలో తేల్చి చెప్పేసింది. అయినా తర్వాత పారాక్లీ మఠాధిపతిగా ఆమె దక్షతను ఎవరూ శంకించలేదు.

అలాగని ఆ సమ్మతి నియమం బూటకం అనలేను. ఒత్తిడి చేయాల్సి వచ్చిందంటేనే, దాటడానికి అడ్డు ఒకటి ఉందన్నమాట. మఠాలకు అప్పగించే పిల్లలకు ఆ అడ్డు కూడా లేదు. 1085లో ఇంగ్లండులో ఉంటున్న పూజారి ఒడెలేరియస్ పదేళ్ల కొడుకు ఆర్డెరిక్‌ని నార్మండీలోని సాంత్ ఎవ్రూల్ మఠానికి పంపేశాడు. తర్వాత తానూ ష్రూస్‌బరీ మఠంలో చేరాడు. తండ్రీకొడుకులు మళ్లీ కలుసుకోలేదు. అక్కడి భాష కూడా తనకు రాదని, తండ్రి ఏడుస్తూ తనను అప్పగించాడని చరిత్రకారుడైన ఆర్డెరిక్ ముసలితనంలో రాసుకున్నాడు.

ఈ విషయంలో బెర్నార్డ్ వర్గానికే మెప్పు ఇవ్వాలి. పదిహేనేళ్లు నిండనివారిని సీతో మఠాలు చేర్చుకోలేదు.